ఫొటోలో లేని మెట్లు స్క్రీన్ మీద కనిపిస్తుంటే

నాగార్జునసాగర్ దగ్గర తీసిన ప్రీ వెడ్డింగ్ ఫొటో అది. పొద్దు గూకుతోంది, వెనక కృష్ణ నీళ్ళు, ముందు ఇద్దరూ నీడల్లా నిలబడ్డారు. నల్లగొండకు వచ్చి ఎడిటింగ్ టేబుల్ మీద తెరిచి చూస్తే ఆకాశం నిండా మెట్లు. నారింజ రంగు మెల్లగా ఊదాలోకి కరగాల్సింది పోయి, దిగుడు బావి మెట్లలా పట్టీలు పట్టీలుగా కనిపించింది. కెమెరా తప్పనుకున్నాను. రాత్రి మూడు గంటలు కూర్చుని ఆకాశానికి బ్లర్ కొట్టాను, నాయిస్ కలిపాను, నున్నగా చేశాననుకుని ల్యాబ్‌కు పంపాను. 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ ప్రింటై వచ్చాక చూస్తే ఆకాశం మీద ఇసుక చల్లినట్టుంది.

మా అక్క కొడుకు అసలు ఫైల్‌ను తన ఫోన్‌లో తెరిచి, "మామా, ఇందులో గీతలు యాడున్నయ్? మంచిగనే ఉంది గదా" అన్నాడు. నిజమే. ఫైల్‌లో మెట్లు లేవు. నా చిన్న పీసీకీ మానిటర్‌కూ మధ్య ఎక్కడో పుట్టాయవి. ఫొటోలో లేని రోగానికి మూడు గంటలు వైద్యం చేశానన్నమాట. షీట్ మళ్ళీ నా ఖర్చుతోనే ప్రింట్ వేయించాను.

మీకూ ఇలాంటి అనుమానం ఉంటే కొత్త మానిటర్ కొనే ముందు ఈ వరుసలో చూసుకోండి. నేను చూసినంతవరకు పది కేసుల్లో ఒకటో రెండో మాత్రమే మానిటర్ తప్పు.

మెట్లంటే ఏమిటో ఒక్క నిమిషం

ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగును చీకటి నుంచి వెలుగు దాకా ఎన్ని మెట్లుగా విడగొడితే అంత కలర్ డెప్త్. మెట్లు తక్కువైతే ఒక్కో మెట్టూ పట్టీలా కంటికి కనిపిస్తుంది. 8 బిట్ అంటే రంగుకు 256 మెట్లు, మూడూ కలిపితే దాదాపు 1.67 కోట్ల రంగులు. 10 బిట్ అంటే రంగుకు 1024, మొత్తం 107 కోట్ల పైమాట. 6 బిట్ అంటే 64 మెట్లే, అన్ని కలయికలూ చేసినా 2,62,144 రంగులు. పాత ఆఫీసు మానిటర్లు చాలావాటిలో ప్యానెల్ 6 బిట్‌దే ఉంటుంది. పక్క మెట్ల మధ్య వేగంగా అటూ ఇటూ మార్చుతూ 8 బిట్‌లా భ్రమ కలిగిస్తుంది. ఇంతకు మించి థియరీ అక్కర్లేదు.

ముందు ఫైల్‌నే అనుమానించండి

మెట్లు కనిపిస్తున్నప్పుడు కీబోర్డ్ మీద ప్రింట్ స్క్రీన్ నొక్కి, పెయింట్‌లో పేస్ట్ చేసి, పీఎన్‌జీగా సేవ్ చేయండి. దాన్ని మంచి ఫోన్‌కు పంపి చూడండి. స్క్రీన్‌షాట్ అనేది బొమ్మ ఇంకా కేబుల్‌లోకి దిగకముందే కంప్యూటర్ లోపల తీసుకునే నకలు. ఫోన్‌లో కూడా మెట్లు కనిపిస్తే తప్పు ఫైల్‌ది లేదా సాఫ్ట్‌వేర్‌ది. ఫోన్‌లో నున్నగా ఉంటే తప్పు ఆ తర్వాతి దారిలో, అంటే డ్రైవర్ సెట్టింగ్, పోర్ట్, కేబుల్, మానిటర్‌లో ఎక్కడో ఉంది. ఒక జాగ్రత్త: వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే వాట్సాప్ కుదింపు తన మెట్లు తాను కలుపుతుంది, మీరు మళ్ళీ అయోమయంలో పడతారు.

ఫైల్‌దే తప్పయితే కారణం చాలాసార్లు ఒకటే: 8 బిట్ జేపెగ్‌ను పట్టుకుని కర్వ్స్‌తో (వెలుగునీడలు మార్చే టూల్) గట్టిగా లాగడం. చీకటి భాగంలోని 64 మెట్లను మొత్తం 256 మీదికి సాగదీస్తే ప్రతి నాలుగు మెట్లలో మూడు ఖాళీగా ఉంటాయి. అక్కడ పట్టీలు పడక తప్పదు. కెమెరా రా ఫైల్ (జేపెగ్‌గా కుదించకముందు కెమెరా ఇచ్చే అసలు ఫైల్) 12 బిట్‌దైతే 4096 మెట్లు, 14 బిట్‌దైతే 16,384 మెట్లు ఉంటాయి. రా నుంచి తెచ్చేటప్పుడే 16 బిట్ మోడ్‌లో తెరవండి, రంగు పనంతా అయ్యాక చివర్లో 8 బిట్ జేపెగ్ చేయండి. ఇంకోటి, ఆకాశాన్ని ఎప్పుడూ 100% జూమ్‌లోనే జడ్జ్ చేయండి. షీట్ మొత్తం కనిపించేలా తగ్గించిన జూమ్‌లో ఫొటోషాప్ చూపేది కుదించిన నమూనాను మాత్రమే.

స్కేలు పెట్టి కొలిచే పరీక్ష

ఈ పరీక్షకు బడి పిల్లల ప్లాస్టిక్ స్కేలు చాలు. ఫొటోషాప్‌లో గానీ, ఉచితంగా దొరికే గింప్‌లో గానీ మీ స్క్రీన్ సైజుకే, ఉదాహరణకు 1920×1080కి, 16 బిట్‌లో కొత్త ఫైల్ తెరవండి. గ్రేడియెంట్ టూల్ తీసుకుని, పైన ఆప్షన్లలో డిదర్ (మెట్ల మధ్య చుక్కలు కలిపి నున్నగా చూపేది) అనే టిక్ తీసేసి, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నలుపు నుంచి తెలుపుకు లాగండి. ఫుల్ స్క్రీన్, 100% జూమ్. గదిలో లైట్ ఆపండి.

24 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 53 సెంటీమీటర్లు. 8 బిట్ సరిగ్గా అందుతుంటే 256 మెట్లు, ఒక్కోటి 2 మిల్లీమీటర్లు. అంత సన్నటి పట్టీ మామూలుగా చూస్తే తెలియదు, చీకటి వైపు కళ్ళు చికిలించి చూస్తే లీలగా తెలుస్తుంది. అదే పట్టీ 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే మీకు అందుతున్నది 64 మెట్లే, అంటే 6 బిట్. స్కేలు ఆనించి ఒక పది పట్టీల పొడవు కొలిచి పదితో భాగిస్తే తప్పు పోదు.

పట్టీలు ఒకటి ఆకుపచ్చగా, ఒకటి గులాబీగా కనిపిస్తే అది వేరే కథ. 16 బిట్ కలర్ అనే పాత మోడ్‌లో (మూడు రంగులకూ కలిపి 16 బిట్లు) ఆకుపచ్చకు 64 మెట్లు, ఎరుపు, నీలాలకు 32 మెట్లే ఉంటాయి. అందుకే బూడిద రంగు కూడా రంగులు మార్చుకుంటుంది. ఆ మోడ్ ఎక్కువగా రిమోట్ డెస్క్‌టాప్‌లో తగులుతుంది. షాపులో పీసీ పెట్టి ఇంటి నుంచి దానిలోకి లాగిన్ అయ్యి ఎడిట్ చేసేవాళ్ళు కనెక్షన్ సెట్టింగుల్లో డిస్‌ప్లే దగ్గర రంగులు ఎంత పెట్టి ఉన్నాయో చూసుకోండి. నా సలహా అడిగితే, రిమోట్‌లో కూర్చుని రంగుల పని చేయవద్దు. లేఅవుట్ వరకు చేసుకోండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నలుపు నుంచి తెలుపుకు కాకుండా, ముదురు నీలం నుంచి కొంచెం తేలిక నీలానికి లాగితే మంచి 8 బిట్ మానిటర్‌లో కూడా పట్టీలు కనిపిస్తాయి. 40 మెట్ల తేడా ఉన్న రంగును 1920 చుక్కల మీద పరిస్తే ఒక్కో మెట్టు 48 చుక్కల వెడల్పు అవుతుంది మరి. సాయంత్రపు ఆకాశం సరిగ్గా ఇలాంటిదే. కాబట్టి ఆకాశం ఫొటో చూసి మానిటర్‌ను తిట్టవద్దు, నలుపు తెలుపు పరీక్ష చూసి తిట్టండి.

విండోస్ ఏమంటోంది

సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. విండోస్ 11లో ఇక్కడే రిజల్యూషన్, రిఫ్రెష్ రేట్ (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో, హెర్ట్జ్‌లో), బిట్ డెప్త్, కలర్ ఫార్మాట్ నాలుగూ కనిపిస్తాయి. కాగితం మీద రాసుకోండి. మీకు కావాల్సింది కనీసం 8 బిట్, ఆర్‌జీబీ (మూడు రంగులనూ దేనికదే పంపే పద్ధతి). కలర్ ఫార్మాట్ దగ్గర వైసీబీసీఆర్ (వెలుగునూ రంగునూ విడదీసి పంపే పద్ధతి) అనీ, పక్కన 4:2:0 లేదా 4:2:2 అనీ ఉంటే కేబుల్ గురించి రాసిన భాగానికి నేరుగా వెళ్ళండి.

అదే పేజీలో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి లిస్ట్ ఆల్ మోడ్స్ నొక్కితే ట్రూ కలర్ 32 బిట్ అని ఉంటుంది. అది చూసి 32 బిట్ వస్తోందని సంబరపడేవాళ్ళు చాలామంది. అది మూడు రంగులకు ఎనిమిదేసి చొప్పున 24, మిగతా 8 బిట్లు రంగుకు సంబంధం లేనివి. అంటే మామూలు 8 బిట్టే.

అడాప్టర్ పేరు దగ్గర మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవరే లేదు. విండోస్ కొత్తగా వేసి ఇచ్చిన సెకండ్ హ్యాండ్ పీసీల్లో ఇది మామూలే. పీసీ తయారీదారు సైట్ నుంచి మీ మోడల్‌కు సరిపడే డ్రైవర్ వేసుకుని, మళ్ళీ మొదటి నుంచి చూడండి.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే మోడ్) ఆన్‌లో ఉంటే ఆపేయండి. రాత్రిపూట స్క్రీన్‌ను పసుపెక్కించే నైట్ లైట్ కూడా. రాత్రిపూట ఎడిట్ చేసిన పసుపు ముఖాలు పొద్దున నీలంగా కనిపించడానికి సగం కారణం అదే.

16 నుంచి 235: నా మూడు గంటలు మింగింది ఇదే

టీవీల లోకంలో ఒక పాత అలవాటు ఉంది. వీడియో సిగ్నల్‌లో నలుపు 0 దగ్గర కాదు, 16 దగ్గర మొదలవుతుంది. తెలుపు 255 దగ్గర కాదు, 235 దగ్గర ఆగుతుంది. దీన్ని లిమిటెడ్ రేంజ్ అంటారు. కంప్యూటర్ల లోకంలో 0 నుంచి 255 దాకా, అది ఫుల్ రేంజ్. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టిన తీగ కాబట్టి, చిన్న పీసీ ఒక్కోసారి అవతల ఉన్నది టీవీ అనుకుని లిమిటెడ్‌లో పంపుతుంది. మానిటర్ మాత్రం ఫుల్ వస్తోందనుకుంటుంది. అప్పుడు నలుపు బూడిదలా, తెలుపు ఉతికి ఉతికి వెలిసిన పంచెలా కనిపిస్తుంది. మెట్లు 256కు బదులు 220.

నాకు జరిగింది ఇదే. స్క్రీన్ వెలిసిపోయినట్టుందని గ్రాఫిక్స్ ప్యానెల్‌లో కాంట్రాస్ట్ స్లైడర్ పైకి జరిపాను. బొమ్మ కళకళలాడింది. ముఖం కడుక్కోకుండా పౌడర్ రాసుకున్నట్టే అది. ఉన్న 220 మెట్లను సాగదీశాను, మధ్యలో ఖాళీలు పడ్డాయి, ఆ ఖాళీలే సాగర్ ఆకాశంలో మెట్లయ్యాయి.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఫొటోషాప్‌లో మొత్తం నల్లటి ఫైల్ మీద ఐదు చిన్న చతురస్రాలు గీయండి. మూడు రంగుల విలువలూ వరుసగా 5, 10, 15, 20, 25 పెట్టండి. చీకటి గదిలో చూస్తే 10 నుంచి అన్నీ తేలికగా కనిపించాలి, 5 కూడా లీలగా తెలియాలి. అన్నీ కనిపిస్తున్నా చుట్టూ ఉన్న నలుపే బూడిదలా వెలుగుతుంటే కంప్యూటర్ లిమిటెడ్ పంపుతోంది, మానిటర్ ఫుల్ అనుకుంటోంది. దీనికి తిరకాసు కేసు ఇంకోటి: 15 దాకా ఉన్నవి నలుపులో కలిసిపోయి 20, 25 మాత్రమే తేలితే కంప్యూటర్ ఫుల్ పంపుతోంది, మానిటర్ లిమిటెడ్ అనుకుంటోంది. పెండ్లికొడుకు నల్ల కోటు మడతలు పోయి తారు ముద్దలా కనిపించేది అప్పుడే. పెండ్లికూతురు జడలో పాయలు కూడా కనిపించవు. దాన్ని చూసి మీరు నీడలు పైకి లేపుతారు, ప్రింట్‌లో కోటు బూడిద రంగులో వస్తుంది.

మార్చే చోటు: ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో డిస్‌ప్లే కింద క్వాంటైజేషన్ రేంజ్ అని ఉంటుంది, దాన్ని ఫుల్ చేయండి. ఏఎండీ అయితే అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద పిక్సెల్ ఫార్మాట్, అందులో ఆర్‌జీబీ 4:4:4 ఫుల్ ఆర్‌జీబీ అన్నది ఎంచుకోండి. తర్వాత మానిటర్ సొంత మెనూలోకి వెళ్ళి, ఆర్‌జీబీ రేంజ్ అనో, హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనో ఉన్నదాన్ని దానికి సరిపడేలా పెట్టండి. ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి.

గ్రాఫిక్స్ ప్యానెల్‌లో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, గామా, శాచురేషన్ స్లైడర్లన్నీ డీఫాల్ట్‌కు తెచ్చేయండి. వెలుగు తగ్గించాలంటే మానిటర్ బటన్లతో తగ్గించండి. అది వెనకున్న లైట్‌ను తగ్గిస్తుంది, మెట్లను ముట్టుకోదు. స్లైడర్లు మాత్రం మెట్లనే తింటాయి. మానిటర్‌లో డైనమిక్ కాంట్రాస్ట్, వివిడ్, సినిమా లాంటి మోడ్‌లు కూడా ఆపేసి స్టాండర్డ్ గానీ ఎస్‌ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లకూ ల్యాబ్‌లకూ ఉమ్మడి రంగుల కొలత) గానీ పెట్టండి.

మానిటర్ బదులు టీవీ పెట్టుకున్న స్టూడియోలు మన దగ్గర చాలా ఉన్నాయి. పెద్దగా కనిపిస్తుంది, గిరాకీకి చూపించడానికి బాగుంటుందని. టీవీలో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చే వీలుంటే మార్చండి. చాలా టీవీలు ఆ పేరు చూస్తేనే రంగును కుదించకుండా చూపిస్తాయి.

తూము ఎంతో పారకం అంతే

చెరువు నిండా నీళ్ళున్నా పొలానికి పారేది తూమును బట్టే. కేబుల్, పోర్ట్ సంగతీ అంతే. లెక్క చూద్దాం. 4కే స్క్రీన్ మీద 3840×2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. సెకనుకు 60 సార్లు, చుక్కకు 24 బిట్లు చొప్పున పంపాలంటే దాదాపు 12 గిగాబిట్లు, మధ్యలో ఖాళీ సమయం కూడా కలిపితే 14 దాటుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 తూములో నిజంగా పారేది దాదాపు 8 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.0లో దాదాపు 14.4. డిస్‌ప్లే పోర్ట్ 1.2లో 17 పైన, 1.4లో దాదాపు 26.

ఇప్పుడు చిన్న పీసీ విషయం. ఆఫీసుల్లో కొన్నేళ్ళు వాడి తీసేసిన, పుస్తకమంత సైజు పీసీలు సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు వెళ్తే గుట్టలుగా దొరుకుతాయి. మన జిల్లా స్టూడియోల్లో ఉన్నవి ఎక్కువ అవే, నాదీ అదే. ఇంటెల్ 6 నుంచి 10వ తరం దాకా డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సొంత హెచ్‌డీఎంఐ 1.4 స్థాయిదే. తయారీదారు అదనంగా చిప్ పెడితే తప్ప 2.0 రాదు. అదే పీసీ వెనకున్న డిస్‌ప్లే పోర్ట్ మాత్రం 1.2 లేదా అంతకు పైది. అంటే పక్కపక్కనే ఉన్న రెండు రంధ్రాల్లో ఒకటి చిన్న తూము, ఒకటి పెద్ద తూము. మనం మాత్రం చేతికి అలవాటైన హెచ్‌డీఎంఐలోనే గుచ్చుతాం.

చిన్న తూములోంచి 4కే 60 హెర్ట్జ్ రావాలంటే కంప్యూటర్ ఏదో ఒకటి వదులుకోవాలి. ఒక్కోసారి అది వదిలేది రంగును. 4:2:0 అంటే నాలుగు చుక్కల వెలుగు విడివిడిగా పంపి, నాలుగింటికీ కలిపి ఒకే రంగు పంపడం. సినిమా చూసేటప్పుడు తెలియదు. చీరల దగ్గర దొరికిపోతుంది. గద్వాల చీర ముదురు ఎరుపు అంచు మీద సన్నటి జరీ పోగులుంటాయి కదా, 4:2:0లో ఆ బంగారు రంగు పక్కనున్న ఎరుపులోకి కారిపోయి జరీ ఇటుక పొడిలా కనిపిస్తుంది. పోచంపల్లి చీరతో ఇంకా ప్రమాదం. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి ఆ డిజైన్ అంచులు సహజంగానే కొంచెం అలుక్కున్నట్టుంటాయి. దాని మీద కేబుల్ తెచ్చిన మసక కూడా చేరితే, ఫొటో షేక్ అయిందనుకుని మీరు షార్ప్‌నెస్ పెంచుతారు. ఆల్బమ్‌లో చీర కత్తిరించి అతికించినట్టు వస్తుంది. ఆ చీర కట్టుకున్నావిడకు అది తన చీర కాదని మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

పరీక్ష: పెయింట్ తెరిచి, ఒక చుక్క మందంతో నిలువుగా ఒక ఎర్ర గీత, ఆనుకుని ఒక నీలం గీత, మళ్ళీ ఎరుపు, మళ్ళీ నీలం, ఓ పది గీయండి. 100% జూమ్‌లో, విండోస్ స్కేలింగ్ కూడా 100% పెట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా చూడండి. గీతలు విడివిడిగా ఉంటే మంచిది. అంతా కలిసి నేరేడు పండు రంగు ముద్దలా కనిపిస్తే రంగు కుదింపు జరుగుతోంది.

మందు మూడు రకాలు. మొదటిది, డిస్‌ప్లే పోర్ట్ నుంచి డిస్‌ప్లే పోర్ట్‌కు నేరుగా కేబుల్ వేయండి. నా సమస్య దీంతోనూ, ఫుల్ రేంజ్‌తోనూ పూర్తిగా తీరింది. రెండోది, హెచ్‌డీఎంఐ తప్ప గతి లేకపోతే రిఫ్రెష్ రేట్‌ను 30 హెర్ట్జ్‌కు దించండి. మౌస్ కొంచెం ఈడ్చినట్టు కదులుతుంది కానీ రంగు మొత్తం వస్తుంది. రంగుల పని చేసే గంట వరకు దించి, తర్వాత పెంచుకోవచ్చు. మూడోది, 4కే వదిలి 2560×1440కి గానీ 1920×1080కి గానీ రండి. హెచ్‌డీఎంఐ 1.4లో కూడా ఇవి 60 హెర్ట్జ్‌లో నిండు రంగుతో పారుతాయి.

గేమింగ్ మానిటర్ వాడేవాళ్ళకూ ఇదే సూత్రం. 2560×1440 స్క్రీన్‌ను డిస్‌ప్లే పోర్ట్ 1.2 మీద 144 హెర్ట్జ్‌లో నడిపితే 10 బిట్‌కు చోటు చాలదు, 120కి దించితే చాలుతుంది. పెండ్లి ఆల్బమ్‌కు 144 హెర్ట్జ్‌తో పనేముంది?

కేబుల్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద 4కే అని ఉంటే నమ్మవద్దు, 30 హెర్ట్జ్‌కైనా 4కే అనే రాస్తారు. ప్రీమియం హై స్పీడ్ అని ఉంటే 18 గిగాబిట్ల సామర్థ్యం, అల్ట్రా హై స్పీడ్ అని ఉంటే 48. ఆ సర్టిఫికెట్ లేబుల్ ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. పొడవు రెండు మీటర్లు దాటకపోతే మేలు. మధ్యమధ్య స్క్రీన్ నల్లబడి మళ్ళీ రావడం, మిణుగురుల్లా చుక్కలు మెరవడం కేబుల్ చాలట్లేదనడానికి గుర్తు.

మధ్యవర్తులను తీసేయండి

మానిటర్ పెట్టగానే అది తన జాతకం కంప్యూటర్‌కు పంపుతుంది. నేను ఫలానా సైజు, ఇన్ని బిట్లు తీసుకుంటాను, ఫుల్ రేంజ్ తెలుసు అని. దీన్నే ఈడీఐడీ అంటారు, మొదటి భాగం 128 బైట్లే. మధ్యలో ఒక సిగ్నల్‌ను రెండు స్క్రీన్లకు పంచే చవక స్ప్లిటర్, రెండు పీసీలను ఒకే మానిటర్‌కు మార్చే కేవీఎం స్విచ్, హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే డబ్బా ఏదైనా ఉంటే, పెండ్లిళ్ళ పేరయ్య జాతకం మార్చి చెప్పినట్టు అది ఇంకేదో చెబుతుంది. కంప్యూటర్ ఎందుకొచ్చిన గొడవని అన్నిటికీ పనికొచ్చే తక్కువ స్థాయి సిగ్నల్ పంపుతుంది. అన్నీ పీకేసి ఒకే కేబుల్‌తో నేరుగా పెట్టి, మళ్ళీ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే చూడండి. మారితే దొంగ దొరికినట్టే.

టైప్-సి పోర్ట్ ఉంది కదా అని అందులో మానిటర్ గుచ్చి బొమ్మ రావట్లేదని టెన్షన్ పడేవాళ్ళున్నారు. అన్ని టైప్-సి పోర్ట్‌లూ బొమ్మను పంపవు. పక్కన డిస్‌ప్లే పోర్ట్ గుర్తో థండర్‌బోల్ట్ గుర్తో ఉందేమో చూడండి, లేకపోతే మాన్యువల్ చూడండి.

మ్యాక్ మినీ వాడేవాళ్ళకు రెండు మాటలు చాలు. హెచ్‌డీఎంఐలో పెట్టినప్పుడు రంగులు వెలిసినట్టు గానీ అక్షరాల అంచులు మసకగా గానీ ఉంటే అది మానిటర్‌ను టీవీ అనుకుంటూ ఉండవచ్చు. టైప్-సి నుంచి డిస్‌ప్లే పోర్ట్‌కు మారే కేబుల్‌తో పెట్టి చూడండి, చాలాసార్లు తీరిపోతుంది.

10 బిట్ కావాలా

మొదట మీ మానిటర్‌కు ఆ శక్తి ఉందో లేదో స్పెసిఫికేషన్‌లో చూడండి. రంగుల సంఖ్య 16.7 మిలియన్ అని ఉంటే 8 బిట్ తీసుకుంటుంది. పాతవాటిలో 16.2 మిలియన్ అని ఉంటే 6 బిట్ ప్యానెల్, భ్రమతో నెట్టుకొస్తోంది. 1.07 బిలియన్ అని ఉంటే 10 బిట్ తీసుకుంటుంది, అయితే వాటిలోనూ చాలా వరకు 8 బిట్ ప్యానెల్‌కు అదే భ్రమ కలిపినవే. పర్వాలేదు, కంటికి బాగానే ఉంటుంది.

10 బిట్ నిజంగా కళ్ళదాకా రావాలంటే ఐదూ కుదరాలి: 16 బిట్ ఫైల్, 10 బిట్‌లో చూపించే సాఫ్ట్‌వేర్, డ్రైవర్‌లో 10 బిట్ సెట్టింగ్, తగినంత తూము, 10 బిట్ మానిటర్. ఒక్కటి 8 దగ్గర ఆగినా మొత్తం 8. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, పర్ఫార్మెన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 30 బిట్ డిస్‌ప్లే (రంగుకు పది చొప్పున) అన్న టిక్ ఉంటుంది. ఆ టిక్ పెట్టే వీలు లేకుండా మసకగా కనిపిస్తే అక్కడితో ఆపేయండి. హెచ్‌డీఎంఐ 2.0 మీద 4కే 60 హెర్ట్జ్‌లో 10 బిట్ పెడితే ఇంకో ప్రమాదం. తూము చాలక రంగు 4:2:2కు పడిపోతుంది. 10 బిట్ వచ్చిందని సంతోషించే లోపు జరీ మళ్ళీ మసకబారుతుంది. అలాంటప్పుడు 8 బిట్ ఆర్‌జీబీయే మేలు.

ల్యాబ్‌లు మన దగ్గర అడిగేది ఎలాగూ 8 బిట్ ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్. నా మట్టుకు నేను పెండ్లి ఆల్బమ్‌ల పనికి నిండు 8 బిట్, ఫుల్ రేంజ్, కుదింపు లేని ఆర్‌జీబీ ఉంటే చాలనుకుంటాను. మిగిలిన డబ్బు కలర్ క్యాలిబ్రేటర్ (స్క్రీన్ రంగును కొలిచి సరిచేసే పరికరం) మీద పెడతాను, లేదా ఇద్దరు ముగ్గురు స్టూడియో మిత్రులు కలిసి ఒకటి కొంటాం. క్యాలిబ్రేషన్ మాత్రం పై పనులన్నీ అయ్యాకే చేయండి. లిమిటెడ్ రేంజ్ మీద చేసిన ప్రొఫైల్ (ఆ మానిటర్ రంగుల కొలతలు రాసిన ఫైల్) ఫుల్‌కు మారిన మరుక్షణం అబద్ధమవుతుంది. మానిటర్‌ను అరగంట వేడెక్కనిచ్చి చేయండి. ఎవరో ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్ వేసుకుంటే వాళ్ళ మానిటర్ రంగు మీకొస్తుంది తప్ప మీది సరికాదు. ఫొటోలన్నిటికీ పసుపు పూసినట్టుంటే కలర్ మేనేజ్‌మెంట్‌లో అలాంటి పాత ప్రొఫైల్ ఏదైనా ఉందేమో చూసి తీసేయండి.

గది గురించి ఒక్క మాట. నా వెనక గోడకు చిలకపచ్చ రంగు ఉండేది. మధ్యాహ్నం కిటికీ ఎండ దాని మీద పడి స్క్రీన్ మీదికి తిరిగొచ్చేది, నేనేమో ముఖాల్లో ఆకుపచ్చ ఎక్కువైందని తగ్గిస్తూ పోయేవాణ్ణి. ఇప్పుడు ఆ గోడకు బూడిద రంగు దుప్పటి వేలాడుతోంది.

అంతా కుదిరాక అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీని, క్వాంటైజేషన్ రేంజ్ ఉన్న పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక ఈ సెట్టింగులు ఒక్కోసారి మొదటికొస్తాయి. నేను చీటీ మీద రాసి మానిటర్ వెనక అతికించాను: డిస్‌ప్లే పోర్ట్, 60 హెర్ట్జ్, 8 బిట్, ఆర్‌జీబీ, ఫుల్. ఆదివారం మా మేనల్లుడు షాపుకొచ్చి గేమ్ ఆడుకుని పోతాడు. సోమవారం పొద్దున షట్టర్ ఎత్తగానే ఆ చీటీతో పోల్చి చూశాకే మొదటి ఫైల్ తెరుస్తాను.